కెరోలిన్ దెయ్యం వేషం మానేసిన ఏడాది

మా చిన్నాన్న కూతురు కెరోలిన్ తొమ్మిదేళ్ళలో పదకొండు సినిమాల్లో చచ్చిపోయింది. అన్నింట్లోనూ ఇంటర్వెల్ లోపే. ఆ తర్వాత తెల్లటి మొహంతో, విరబోసుకున్న జుట్టుతో లేచి వచ్చి, తనను చంపినవాళ్ళను ఒక్కొక్కరినే చంపేది. ఒక్కటి కూడా థియేటర్లలో రెండో వారం ఆడలేదు. ఫోన్లలో మాత్రం లక్షల మంది చూశారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక్కోటి రెండేసి సార్లు చూశాను. ఆమె బాగా చేయలేదని నలుగురికీ చెప్పాలంటే ముందు నేను చూసి ఉండాలి కదా.

నా పేరు ప్రమీల. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తెలుగు చెబుతాను. కెరోలిన్ కంటే ఎనిమిది నెలలు పెద్దదాన్ని. ఆమె గురించి రాయమంటే మా బంధువుల్లో ఎవరైనా నాకంటే మంచిమాటలు రాస్తారు. కానీ ఆమెను నా అంత కన్నార్పకుండా చూసినవాళ్ళు ఎవరూ లేరు. కుళ్ళుకునేవాళ్ళ కళ్ళను ఏదీ దాటిపోదు.

మేము పెరిగింది జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో. మా నాన్న పాల్ రాజు బడిపంతులు. చిన్నాన్న శుభాకర్ ఆసుపత్రిలో కాంపౌండరు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. మా జేజి, అంటే నాన్నమ్మ, సుబ్బమ్మ ఒక పూట మా ఇంట్లో, ఒక పూట వాళ్ళింట్లో తినేది. కథలు మాత్రం మా ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకునే చెప్పేది.

ప్రతి క్రిస్మస్‌కు గుడిలో, అంటే మా చర్చిలో, నాటకం ఉండేది. నాలుగేళ్ళు వరసగా నేనే మరియమ్మను. నాది పెద్ద జడ, గుండ్రటి మొహం. పాస్టరమ్మ వేరే ఎవరి వైపూ చూసేది కాదు. కెరోలిన్ ఒక ఏడు గొర్రె, ఒక ఏడు గొర్రెలకాపరి. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు హేరోదు రాజు పసిపిల్లల్ని చంపించే ఘట్టం కొత్తగా చేర్చారు. బిడ్డ పోయిన తల్లి వేషం కెరోలిన్‌కు ఇచ్చారు. మాటలు లేవు, ఏడిస్తే చాలు. పాత తువ్వాలును బిడ్డలా చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఆమె ఒక్కసారి అరిచింది. గుడిలో నాలుగు వందల మంది ఉన్నారు. పిల్లల అల్లరి, కుర్చీల చప్పుడు, అన్నీ ఆగిపోయాయి. మా జేజి లేచి నిలబడి "ఆ బిడ్డను ఇయ్యండ్రా దానికి" అని సైనికుల వేషంలో ఉన్న పిల్లల మీద కేకలేసింది.

ఆ తర్వాత నేను నీలం చీరలో పశువులపాక దగ్గర కూర్చుని ఉంటే నా వైపు ఎవరూ చూడలేదు. అందరూ తలలు తిప్పి కెరోలిన్ ఎక్కడుందా అని వెతుకుతున్నారు. నా లోపల ఏదో రాజుకున్నది అక్కడే. అప్పటికి దానికి పేరు తెలియదు.

డిగ్రీ చదివేటప్పుడు గండికోటకు ఒక సినిమా వాళ్ళు వచ్చారు. దెయ్యం సినిమా. చుట్టుపక్కల అమ్మాయిలు కావాలంటే ఇద్దరం పోయాము. నన్ను చూడగానే హీరోయిన్ స్నేహితురాలి వేషానికి తీసుకున్నారు, నాలుగు మాటలు కూడా ఇచ్చారు. కెరోలిన్‌ను పక్కన కూర్చోబెట్టారు. నాకు ఆ రోజు ఎంత బాగుందో చెప్పలేను. మధ్యాహ్నం డైరెక్టరు అందరినీ వరసగా నిలబెట్టి అరవమన్నాడు. నేను అరిచాను. "బాగుందమ్మా" అన్నాడు. కెరోలిన్ అరిచింది. కోటలోని పాత ధాన్యపు గాదె కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. సౌండు చూసుకునే ఆయన చెవులకున్నవి తీసి పక్కన పెట్టి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

సినిమా వచ్చాక చూస్తే నా నాలుగు మాటలూ లేవు. కోసేశారు. హీరోయిన్ ఏడుస్తున్నప్పుడు ఆమె భుజం పక్కన ఒక మోచెయ్యి కనిపిస్తుంది, అది నాది. కెరోలిన్ మాత్రం గోడ ఎత్తు పోస్టరు మీద ఉంది.

ఆమె హైదరాబాదు వెళ్ళిపోయింది. నేను బీఎడ్ చేసి, ప్రొద్దుటూరులో మోటారు పంపుల షాపులో పనిచేసే అవినాష్‌ను పెళ్ళి చేసుకున్నాను. మాకు షారన్ పుట్టింది. కెరోలిన్ పెళ్ళి మాట ఎత్తలేదు. ఎవరైనా "మీ చెల్లెలు సినిమాల్లో ఉండాదంట గదా" అంటే నేను "ఆ, దెయ్యం వేషాలు" అనేదాన్ని. ఆ ఒక్క మాటతో వాళ్ళ మొహాల్లో వెలుగు తగ్గిపోయేది. ఆ తగ్గడం కోసం ఎదురుచూసేదాన్ని. ఆమె పేరు తెలుసు గాని మొహం ఎవరికీ తెలియదు, అంత రంగు పూసేవాళ్ళు. అది నాకు పెద్ద ఊరట.

రెండేళ్ళ కిందట పులివెందులలో మా మేనత్త మనవరాలి పెళ్ళి జరిగింది. కెరోలిన్ కూడా వచ్చింది. భోజనాల దగ్గర మా ఎదురుగా నాలుగేళ్ళ పాప కూర్చుంది. పక్కనున్న పిల్లలు దాని చెవిలో ఏదో ఊదారు. పాప కెరోలిన్ వైపు చూసింది. కెరోలిన్ నవ్వింది. అంతే, ఆ పాప ఊపిరి అందనంతగా ఏడుపు మొదలుపెట్టింది. తల్లి వచ్చి ఎత్తుకుని, కెరోలిన్‌తో "ఏమనుకోవాకు పాపా, ఫోన్లో నీ సినిమా చూసి భయపడ్న్యాది" అని వేరే వరసకు తీసుకుపోయింది. కెరోలిన్ విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుంది. అన్నం సగం కూడా తినలేదు.

నేను ఇంకోసారి పాయసం వేయించుకున్నాను. ఆ పాయసం రుచి ఇంకా నాలుక మీదే ఉంది. దాన్ని తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది గాని, తలచుకోకుండా ఉండలేను.

తిరుగు ప్రయాణంలో బస్సు ముద్దనూరు దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత అంది:

"అక్కా, నేనింక దెయ్యం వెయ్యను."

"మరేం చేస్తావు?"

"పిల్లోల్లకు ఏదన్నా చేస్తా. టీవీలో."

"నీకు పిల్లోల్ల గురించి ఏం తెలుసు మే?"

"ఏం తెలీదు. నీ క్లాసులో ఒక వారం కూర్చోనా?"

పొగరుగా అడిగి ఉంటే కుదరదనేదాన్ని. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సరేనన్నాను. వారమంతా చివరి బెంచీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంది. నేను మా జేజి చెప్పిన మేక కథలు చెప్పాను. బడికి పోనని రోజుకొక సాకు చెప్పే మేకపిల్ల. పిల్లలు నవ్వుతుంటే ఆమె నన్ను చూడలేదు. పిల్లల మొహాలు చూసి ఏదో రాసుకుంది.

ఆ తర్వాత పని ఎలా చేసిందో చెప్పాలి. అది ఒప్పుకోక తప్పదు. మూడు సినిమాల వాళ్ళు ఫోన్ చేశారు, ఒకరైతే పాత సినిమాకే రెండో భాగం అన్నారు. అందరికీ కాదని చెప్పి ప్రొద్దుటూరు వచ్చేసింది. ఇక్కడ షాహుల్ అనే ఆయన చిన్న కేబుల్ చానెల్ నడుపుతాడు. పెళ్ళి వీడియోలు, నగల షాపుల ప్రకటనలు తప్ప అందులో ఏమీ ఉండేది కాదు. ఆయన దగ్గర సాయంత్రం ఆరు గంటలకు అరగంట అడిగింది. బట్టల అంగడి మీద ఖాళీగా ఉన్న గది తీసుకుంది. టైలరు ఫాతిమాతో పాత కంబళి కత్తిరించి చేతికి తొడుక్కునే మేక బొమ్మను కుట్టించింది. ఎనిమిది మేకలు కుట్టాక గాని దాని మూతి ఆమెకు నచ్చలేదట. రాయడం, గోడలకు రంగులెయ్యడం, మేక లోపల చెయ్యి పెట్టి మాట్లాడించడం, తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని కోసి అతికించడం, అన్నీ తానే చేసింది. మొదటి నెలంతా ఆ గదిలో చాప మీదే పడుకుంది. నేను ఒక్కసారి కూడా మెట్లెక్కి చూడలేదు. మా ఇంటికి అది పది నిమిషాల నడక.

మొదటి రోజు మా ఇంట్లో అందరం చూశాము. మేక తెర మీదకు వచ్చి, "నేను బడికి పోనప్పా! నాకు కొమ్ములు నొప్పి లేస్తాండాయి" అంది. "నీకింకా కొమ్ములే రాల్యా గదా?" అంది కెరోలిన్. "రాకముందే ఇంత నొప్పంటే, వచ్చినాక ఎంత లేస్తాదో!" అంది మేక.

షారన్ పొట్ట పట్టుకుని కింద దొర్లింది. టీవీలో తన మాట లాంటి మాట అది ఎప్పుడూ వినలేదు. అవినాష్ కూడా నవ్వి, "మీ కెరోలిన్ శానా బాగా చేస్తాండాది" అన్నాడు.

"ఆ మేక నాది," అన్నాను.

"మీ జేజి చెప్పిందని నువ్వే గదా అన్న్యావు?"

కార్యక్రమం అయిపోయాక పేర్లు వచ్చాయి. 'కథ: సుబ్బమ్మ జేజి' అని ఉంది. తన పేరే వేసుకుని ఉంటే దొంగది అనేదాన్ని. నా పేరు వేసి ఉంటే నా వల్లే పైకి వచ్చింది అనేదాన్ని. జేజి పేరు వేసి నాకు తిట్టడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

మర్నాడు ఆమె ఇంటికి వచ్చింది. "అక్కా, నువ్వొచ్చి కథలు రాయి. నాకు మేకను ఆడిచ్చేది వచ్చు గాని, రోజుకొక కథ యాడ నుంచి తెచ్చేది?"

"నాకు బడి ఉండాది," అన్నాను. నిజానికి సాయంత్రం నాలుగున్నరకే బడి అయిపోతుంది. ఆమెకూ తెలుసు. టీ తాగి వెళ్ళిపోయింది.

మూడు నెలల్లో ఊరు మారిపోయింది. మా క్లాసులో ఎవరైనా ఆలస్యంగా వస్తే "కొమ్ములు నొప్పి, టీచర్" అనేవాళ్ళు. ఆరింటికి వీధుల్లో పిల్లలు ఒక్కరూ కనిపించేవాళ్ళు కాదు. ఆరేళ్ళుగా నేను నోరు నొచ్చేలా చెప్పిన కథలవి. ఆమె వారం రోజులు విని ఊరందరికీ చెప్పింది. నేను ముప్ఫై ఇద్దరికి చెప్పాను కాబట్టి టీచరును. ఆమె ముప్ఫై వేలమందికి చెప్పింది కాబట్టి కెరో అక్క. షారన్ అయితే నేను అన్నం తినిపిస్తుంటే "మేక మాదిరి చెప్పు మా" అనేది. చెబితే "అట్ల కాదు, కెరో అక్క మాదిరి" అనేది.

ఫిబ్రవరిలో మా హెడ్మిస్ట్రెస్ మసరత్ మేడమ్ నన్ను గదికి పిలిచింది. "కెరోలిన్ మీ చెల్లెలంట గదా! ఇన్ని దినాలు చెప్పనే చెప్పల్యా మీరు. వార్షికోత్సవానికి ఆమెనే ముఖ్య అతిథి. స్వాగతం మాటలు మీరు చెప్పండి, పూలు కూడా మీరే ఇయ్యాల."

స్వాగతం మాటలు రాయడానికి కూర్చున్నాను. 'మన అందరి అభిమాన' అని రాసి కొట్టేశాను. నాలుగు కాగితాలు చింపాను. అప్పుడు ఫోన్ తీసి, ఆమె ఆరో సినిమాలోని ఒక ముక్క వెతికాను. ఊయలలోని బిడ్డ మీదికి ఆమె వంగే ముక్క. రెండేసి సార్లు చూసినదాన్ని కదా, ఎక్కడుందో నాకు బాగా తెలుసు. దాన్ని మా క్లాసు జాహ్నవి వాళ్ళమ్మకు పంపాను. ఆమె నోట్లో ఏ మాటా నిలవదని బడిలో అందరికీ తెలుసు. కింద ఒక్క వాక్యం రాశాను: 'మన పిల్లలు రోజూ చూసే ఆమె ఈమేనంట, చూసినారా?'

పంపాక గుండె దడదడలాడింది. భయంతో కాదు. సంతోషంతో.

సాయంత్రానికి ఆ ముక్క ప్రతి తల్లి ఫోన్లోనూ ఉంది. తల్లుల ఫోన్లు పిల్లల చేతుల్లోనే కదా ఉండేది. మర్నాడు మా క్లాసులో పదకొండు మంది రాలేదు. వచ్చినవాళ్ళలో ఇద్దరు నా కొంగు వదల్లేదు. ఆరింటికి టీవీలో మేక వస్తే పిల్లలు ఏడ్చారని ఊరంతా చెప్పుకున్నారు. మసరత్ మేడమ్ ముఖ్య అతిథిని మార్చేసింది. వారం పాటు కార్యక్రమం ఆపుదామని షాహుల్ అన్నాడట.

ఇంట్లో షారన్ పక్క గదిలోకి ఒంటరిగా పోవడం మానేసింది. నీళ్ళు తాగాలన్నా నన్ను పిలిచేది. దానికి ఆ ముక్క జాహ్నవే చూపించింది. "మా, కెరో అక్క నిజంగా పాపను తినేసిందా?" అని అడిగింది. నేను దాన్ని ఎత్తుకుని వంటింట్లోకి పోయి నీళ్ళు తాగించాను.

మూడో రోజు కెరోలిన్ ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

"శనివారం జమ్మలమడుగులో మనం చదివిన బడి ఆవరణలో షూటింగు పెట్టుకున్న్యాను. బాగా భయపడిన పిల్లోల్లే కావాల. షారన్‌ను పిల్చుకొనిరా."

"అదొస్తే ఇంకా భయపడ్తాది."

"పడనీ. నువ్వు పక్కనుంటావు గదా."

రానని చెప్పలేకపోయాను. శనివారం పొద్దున బస్సులో షారన్ నా ఒళ్ళోంచి దిగలేదు. బడి ఆవరణలో వేపచెట్టు నీడలో చాపలు పరిచి ఉన్నాయి. ఇరవై మందికి పైగా పిల్లలు, ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని ఉన్నారు. షాహుల్ కెమెరా పెట్టాడు. కెరోలిన్ పసుపు పచ్చ చుడీదారులో, నూనె రాసి దువ్విన జడతో, రంగు లేని మొహంతో వచ్చి చాప మీద కూర్చుంది. ముందు ఒక పళ్ళెంలో బియ్యప్పిండి, కాటుక, బీట్‌రూట్ రసం. పక్కన ఒక సవరం. ఫాతిమా మేకను తెచ్చి ఇచ్చింది.

"ఈ పొద్దు మనం దెయ్యాన్ని తయారుచేద్దామా?" అని కెరోలిన్ మేకను అడిగింది.

"నేను ఇంటికి పోతాండా," అంది మేక.

ఒకరిద్దరు నవ్వారు. కెరోలిన్ బియ్యప్పిండిలో నీళ్ళు పోసి కలిపి, "ఎవరు పూస్తారు నాకు?" అంది. ఎవరూ కదల్లేదు. ఆమె తొందరపెట్టలేదు. వేలితో ముక్కు మీద ఒక చుక్క పెట్టుకుని, "ఇప్పుడు నేను దెయ్యమా, ఉగ్గు తిన్న పాపనా?" అని అడిగింది. ఒక పాప ముందుకు వచ్చి చెంప మీద పూసింది. ఇంకొకరు నుదుటి మీద. మొహం కొద్దికొద్దిగా తెల్లబడుతుంటే ప్రతిసారీ ఆగి, "లోపల ఎవరుండారు?" అని అడిగేది. "కెరో అక్క" అనేవాళ్ళు.

కళ్ళకు కాటుక పెట్టే వంతు వచ్చినప్పుడు షారన్ నా ఒళ్ళోంచి దిగింది. నేను పంపలేదు. దానంతటదే పోయింది. కెరోలిన్ కళ్ళు మూసుకుని మొహం ముందుకు పెట్టింది. నా కూతురు నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా ఆ రెప్పల మీద నల్లగా రుద్దింది. ఆమె గడ్డం ఎడమచేత్తో పట్టుకుంది, నేను దానికి పౌడరు వేసేటప్పుడు పట్టుకున్నట్టే.

చివరకు సవరం పెట్టుకుని, బీట్‌రూట్ రసం మూతికి రాసుకుని కెరోలిన్ లేచి నిలబడింది. ఆ ముక్కలో ఉన్న దెయ్యం అచ్చంగా అదే. పిల్లలు ఊపిరి బిగబట్టారు. "ఇప్పుడు మీరు నన్ను భయపెట్టాల. అందరూ ఒకేసారి అరచండి," అంది. పిల్లలందరూ అరిచారు. ఆమె చెప్పులు వదిలేసి ఆవరణ చుట్టూ పరుగు తీసింది. పిల్లలు వెంటపడ్డారు. "మళ్ళా, మళ్ళా" అని షారనే అందరికంటే ఎక్కువగా అరుస్తోంది.

నా బిడ్డకు భయం పోయినందుకు నేను సంతోషపడాలి. పడ్డాను కూడా. కానీ దాని పక్కనే ఇంకో మాట కూడా లోపల నడుస్తోంది: ఇది నాకెందుకు తోచలేదు? నేను చేసిన చెడ్డపనిని కూడా ఈమె ఇంత బాగా వాడుకుంది.

పిల్లలందరూ పోయాక కెరోలిన్ కొళాయి దగ్గర కొబ్బరినూనెతో మొహం తుడుచుకుంటూ ఉంది. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

"కెరో..." అన్నాను.

"జాహ్నవి వాళ్ళమ్మ ఆ పొద్దే చెప్పింది అక్కా, ఎవరు పంపించినారో."

"మరి అడగల్యా?"

"అడిగితే కాదంటావు. మళ్ళా ఆ అబద్ధం ఒకటి మన మధ్య." ఒక కంటి కాటుక తుడిచి, రెండో కన్ను నల్లగా ఉండగానే నన్ను చూసింది. "నీకు నా మీద కడుపుమంట. గుడి నాటకాల కాన్నుంచి నాకు తెలుసు. నేనేం చేసినా నీకు మండుతాది. నేనేం చేయాల అందుకు?"

"తప్పయింది..."

"ఆ మాట చెప్పొద్దు. చెప్తే నేను సరేలే అనాల. నాకిప్పుడు అనబుద్ధి కాలేదు. ఆ పిల్లోల్లు మూడు దినాలు ఏడ్చినారు. నన్నయితే ఏమన్నా అను, పడతా."

తువ్వాలు తీసుకుని తుడుచుకుని, షారన్‌కు ఒక ముద్దు పెట్టి, షాహుల్ వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయింది. వ్యాన్‌లో మా ఇద్దరికీ చోటుంది, కానీ పిలవలేదు.

ఆ వారం అది టీవీలో వచ్చాక దానికి వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు. కడప నుంచి, కర్నూలు నుంచి కూడా తమ బడులకు రమ్మని ఆమెను అడిగారట. మసరత్ మేడమ్ మళ్ళీ ముఖ్య అతిథిగా పిలిచింది. కెరోలిన్ వచ్చింది. స్వాగతం మాటలు నేనే చెప్పాను. పూలు ఇస్తుంటే "థ్యాంక్స్ అక్కా" అంది, మామూలు టీచరుకు చెప్పినట్టు. అంతకంటే చెంపదెబ్బ నయం.

ఎండాకాలం సెలవుల్లో నేను నోటుబుక్కు తీసుకుని ఆ మెట్లెక్కాను. మొదటిసారి. గదిలో ఒక మూలంతా మూతి కుదరని మేకలు పడి ఉన్నాయి. ఏడు కథలు రాశానని చెప్పి కెరోలిన్‌కు ఇచ్చాను. నిలబడే చదివింది. ఐదు పక్కన పెట్టింది.

"ఇవి బడి కథలు. చివర్న బుద్ధి చెప్తాండావు. ఈ రెండూ బాగుండాయి. ఇంకా రాసుకురా, వచ్చే సోమవారం."

"కోపం పోయిందా?"

"పోల్యా. కథలు కావాల గదా."

ఇప్పుడు వారానికి రెండు కథలు నావి. తెర మీద నా పేరు రెండు క్షణాలు ఉంటుంది. నవ్వు మునుపటి మాదిరి లేదు మా మధ్య. కానీ పోయిన నెల పులివెందుల పోతూ ఒక డబ్బా నిండా మురుకులు మా ఇంట్లో ఇచ్చి వెళ్ళింది.

మొన్న నా కథలో మేక చెప్పవలసిన ఒక మాటను ఆమె షూటింగులోనే మార్చేసింది. నేను మూడు రోజులు కష్టపడి రాసిన మాట. ఆమె అప్పటికప్పుడు అన్న మాటకు పిల్లలు నేల మీద దొర్లి నవ్వారు. నాది ఉంచి ఉంటే కొంచెం నవ్వేవాళ్ళేమో. బయటికి వచ్చి బంగారు అంగళ్ళ వీధిలో నడుస్తుంటే ఒళ్ళంతా మండిపోయింది. ఆమెకు ఆ మాట అంత సులభంగా ఎలా దొరికింది? నాకెందుకు దొరకలేదు? ఇంటికి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా నోటుబుక్కు తీశాను. ఈసారి ఆమె ఒక్క మాట కూడా మార్చలేని కథ రాయాలని.